తలకిందులు ఎందుకు చెయ్యాలక్కా?

ఎనిమిదో తరగతి అమ్మాయి. నా దగ్గరికి ట్యూషన్‌కి రావడం మొదలుపెట్టి అప్పటికి మూడో వారం. భిన్నాల భాగహారం చేయిస్తున్నాను. "రెండో భిన్నాన్ని తలకిందులు చేసి గుణించెయ్" అన్నాను, నా చిన్నప్పుడు నాకు చెప్పినట్టే. ఆ పిల్ల పెన్సిలు పక్కన పెట్టి అడిగింది: "తలకిందులు ఎందుకు చెయ్యాలక్కా? అసలు రెండోదాన్నే ఎందుకు? మొదటిదాన్ని తిప్పితే ఏమవుతుంది?"

"తప్పవుతుంది" అన్నాను.

తలూపింది. రూలు ప్రకారం లెక్క చేసేసింది. జవాబు సరిగ్గానే వచ్చింది. పుస్తకాలు సర్దుకుని వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ నోటుబుక్కు ముందు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకు తిప్పాలో నాకూ తెలీదు.

నేను గణితంలో డిగ్రీ చేశాను. మంచి మార్కులే. అవి ఎలా వచ్చాయో నాకు బాగా గుర్తు: నిరూపణలన్నీ పేజీలకు పేజీలు కంఠతా పట్టి, ఏ లైను తర్వాత ఏ లైనో ఎక్కంలా అప్పజెప్పుకునేదాన్ని. ఒకసారి పరీక్షలో మధ్యలో ఒక లైను గుర్తురాక, దాన్ని వదిలేసి ఆ తర్వాతి లైను నుంచి రాసుకుపోయాను. ఫుల్ మార్కులు పడ్డాయి. బయటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆ రాత్రి ఒక కాగితాన్ని పొడుగ్గా పట్టీలా కత్తిరించి మొదలుపెట్టాను. 3/4 ÷ 1/8 అంటే అడిగేదేమిటి? ముప్పావులో అరపావులు ఎన్ని ఉన్నాయని. మన భాషలో ఈ మాటలు ఉండటం ఎంత మేలో అప్పుడే తెలిసింది. "త్రీ బై ఫోర్ డివైడెడ్ బై వన్ బై ఎయిట్" అంటే మెదడు మూసుకుపోతుంది గానీ, "ముప్పావులో అరపావులెన్ని" అంటే చెయ్యి దానంతటదే కాగితం మడత పెడుతుంది. పట్టీ మొత్తంలో ఎనిమిది అరపావులు. ముప్పావు పట్టీలో ఆ ఎనిమిదిలో ముప్పావు వంతు, ఆరు. ఆ ఎనిమిది అక్కణ్నుంచి వచ్చిందన్నమాట: ఒక్క పట్టీలో ఎన్ని ముక్కలు పడతాయన్న ప్రశ్నకు జవాబు అది. మరి ముక్క 1/8 కాకుండా 3/8 అయితే? ముక్క మూడు రెట్లు పెద్దదయింది, కాబట్టి మూడో వంతు ముక్కలే పడతాయి. ఎనిమిదితో గుణించి మూడుతో భాగించాలి. 8/3. ఇన్నాళ్లూ "తలకిందులు చేసిన భిన్నం" అనుకున్నది అదే.

అరగంట పట్టింది. పదమూడేళ్ల పిల్ల అడిగిన ప్రశ్నలో సగానికి నా జవాబు దొరికింది. మిగతా సగం, మొదటిదాన్ని తిప్పితే ఏమవుతుందన్నది, నాకు మళ్లీ గుర్తుకే రాలేదు.

మర్నాడు ఉత్సాహం ఆపుకోలేకపోయాను. పట్టీలు కత్తిరించి, రంగులు వేసి, ఒక్కో అడుగూ విడమరిచి చెప్పాను. నా జన్మలో అంత బాగా పాఠం చెప్పింది లేదు. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. వారం తర్వాత అడిగితే మొత్తం తిరిగి చెప్పింది, "ఒక్క పట్టీలో ఎన్ని ముక్కలు పడతాయి" అన్న నా మాటతో సహా. నాకు కడుపు నిండిపోయింది.

అక్కడితో ఆగి ఉంటే ఇది రాసే అవసరమే ఉండేది కాదు. ఏదో బుద్ధి పుట్టి, "సరే, ఒకటీ ముప్పావును అరతో భాగించే సందర్భం ఒకటి నువ్వే కల్పించు" అన్నాను. కాసేపు ఆలోచించి రాసింది: "1 3/4 మీటర్ల రిబ్బనును ఇద్దరికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది?" కింద లెక్క: 7/4 × 2 = 7/2. జవాబు: ఒక్కొక్కరికి మూడున్నర మీటర్లు.

ముప్పావు తక్కువ రెండు... కాదు, పావు తక్కువ రెండు మీటర్ల రిబ్బను. ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి మూడున్నర! (చూశారా, తొందరలో నేనూ తడబడతాను.) ఆ పిల్లకి అందులో వింతేమీ కనబడలేదు. అరతో భాగించడం, రెండుతో భాగించడం ఆమెకు ఒకటే. నా పట్టీలు, రంగులు, మాటలు అన్నీ ఆమె బుర్రలో భద్రంగా ఉన్నాయి. కానీ అవి ఇంకో సూత్రంలాగే ఉన్నాయి. సూత్రాన్ని బట్టీ పట్టొద్దని నేను కారణం చెప్పాను, ఆమె ఆ కారణాన్ని బట్టీ పట్టింది. తప్పు ఆమెది కాదు. పెద్దవాళ్లు చెప్పింది తిరిగి అప్పజెబితే పెద్దవాళ్లు సంతోషిస్తారని ఏడేళ్లుగా నేర్చుకున్న పిల్ల. నేనూ సంతోషించాను కదా!

తర్వాత ఈ విషయం మీద దొరికినవి చదవడం మొదలుపెట్టాను. రిచర్డ్ స్కెంప్ అనే బ్రిటిష్ గణిత విద్యావేత్త 1976లో ఒక వ్యాసం రాశాడు. అర్థమవడం అన్న ఒకే మాటతో జనం రెండు వేర్వేరు సంగతుల్ని పిలుస్తున్నారంటాడు. ఒకటి, రూలు తెలిసి వాడగలగడం. రెండోది, ఏం చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో రెండూ తెలియడం. దానికి ఊరి పోలిక తెస్తాడు. కొత్త ఊళ్లో ఇక్కణ్నుంచి అక్కడికి ఎలా వెళ్లాలో కొన్ని దారులు నేర్చుకున్నవాడు ఒక్క మలుపు తప్పితే తప్పిపోతాడు. ఊరంతా తిరిగి మనసులో పటం గీసుకున్నవాడు ఎక్కడ తప్పినా దారి వెతుక్కోగలడు. ఇది చదివినప్పుడు నా రంగు పట్టీలు గుర్తొచ్చాయి. నేను చేసిందల్లా దారి చెబుతూ మధ్యమధ్యలో వీధుల చరిత్ర వినిపించడం. పిల్ల ఊళ్లో అడుగే పెట్టలేదు.

అప్పటినుంచి నా దగ్గరున్న పిల్లల్ని వేరేగా చూడటం మొదలుపెట్టాను. మొత్తం ఐదుగురు. ఆరో తరగతి కుర్రాడికి 8 + 4 = __ + 5 అని రాసిచ్చాను. ఖాళీలో 12 రాశాడు. "మరి ఆ 5 సంగతి?" అంటే దాని పక్కన ఇంకో సమానం గుర్తు పెట్టి 17 రాశాడు. వాడికి సమానం గుర్తంటే "ఇక జవాబు రాయి" అని అర్థం. అటూ ఇటూ తూకం సరిపోవాలన్న ఊహే లేదు. ఇదే పిల్లాడు రెండేళ్లలో బీజగణితం చెయ్యాలి. ఇటుది అటు మారిస్తే ప్లస్సు మైనస్సవుతుందని అప్పుడు ఎవరో చెబుతారు, వీడు నమ్ముతాడు, అంతే.

వాడికే ఇంకో లెక్క ఇచ్చాను: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? ఇది నా సొంతం కాదు, 1980 ప్రాంతంలో ఫ్రాన్సులో గ్రెనోబుల్ పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలకు ఇచ్చి చూసిన లెక్క. అక్కడ చాలామంది పిల్లలు ఉన్న అంకెల్ని ఎలాగోలా కలిపి జవాబు చెప్పేశారు. మావాడూ అంతే. "36." ఎలా అన్నాను. "కూడితే వచ్చింది." గొర్రెల్ని కూడితే వయసు ఎలా వస్తుందిరా? వాడు నావైపు జాలిగా చూశాడు. "లెక్క ఇచ్చాక ఏదో ఒకటి చెయ్యాలి కదక్కా. తీసివేస్తే 16 వస్తుంది, అంత చిన్నవాడు కెప్టెన్ ఎలా అవుతాడు?"

నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే వాడిలో తర్కానికి లోటేమీ లేదు. పదహారేళ్ల కెప్టెన్ ఉండడని కొట్టేశాడుగా! ఆ తర్కాన్ని లెక్కల దగ్గర ఎక్కడ వాడొచ్చో ఎవరూ చెప్పలేదంతే.

కాబట్టి మారాల్సింది నేను. మొదట చేసిన పని నోరు మూసుకోవడం. వినడానికి తేలిక. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో తరగతి గదుల్లో రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితేనే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడనివాళ్లు మాట్లాడారు. మూడు సెకన్లు ఎంతలే అనుకుని నేనూ ప్రయత్నించాను. టేబుల్ కింద వేళ్లు ముడుచుకుంటూ లెక్కపెట్టేదాన్ని. రెండో వేలికే నోట్లోంచి "అదే, మొన్న చెప్పాను చూడు..." అని వచ్చేసేది. పిల్లలు నా మొహం చూసి జవాబు వెతుక్కునేవాళ్లు. కనుబొమ్మ పైకి లేస్తే "కాదు కాదు, గుణించాలి" అనేవాళ్లు. నా మొహం కూడా వాళ్లకొక గైడే. కొన్నాళ్లు నోటుబుక్కు వైపే చూస్తూ మాట్లాడాను. ఇది నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మౌనం వల్ల మొదటిసారి ఫలితం కనబడింది ఋణసంఖ్యల దగ్గర. మైనస్సు, మైనస్సు గుణిస్తే ప్లస్సు ఎందుకు? బ్రహ్మగుప్తుడు 628లోనే ఈ నియమం రాశాడు, ధనాన్ని ఆస్తిగా, ఋణాన్ని అప్పుగా పెట్టి. నేనూ అప్పులతో మొదలుపెట్టాను. కూడికా తీసివేతా బాగానే నడిచాయి. గుణకారం దగ్గరికి రాగానే అదే ఎనిమిదో తరగతి పిల్ల అంది: "అప్పును అప్పుతో గుణించడమేమిటక్కా?" నిజమే. ఆ పోలిక అక్కడిదాకా రాదు. పోలికలన్నీ ఏదో ఒకచోట మనల్ని దించేసి వెళ్లిపోతాయి, పిల్లలకు ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది.

అప్పుడు ఈ వరస రాశాను: 3 × (−2) = −6, 2 × (−2) = −4, 1 × (−2) = −2, 0 × (−2) = 0. తర్వాత లైను (−1) × (−2) దగ్గర ఆపి వేళ్లు ముడవడం మొదలుపెట్టాను. ఒక చెయ్యి అయిపోయింది, రెండో చెయ్యి అయిపోయింది. "రెండేసి పెరుగుతోంది. కాబట్టి 2" అంది. నేను సంబరపడబోతుంటే మళ్లీ తనే: "కానీ వరస అలాగే సాగాలని ఎవరన్నారు? సున్నా దగ్గర మారొచ్చుగా?"

పాత నేనైతే "అలా మారదమ్మా" అని కొట్టేసేదాన్ని. ఇంతకన్నా మంచి అనుమానం గణితంలో ఉండదు. సున్నా దగ్గర మారితే ఏం చెడుతుందో చూద్దామన్నాను. 1 × (−2), దానికి (−1) × (−2) కలిపితే, ఒకటీ మైనస్ ఒకటీ కలిసి సున్నా, సున్నా సార్లు −2 అంటే సున్నానే కావాలి. మొదటి ముక్క −2. మరి రెండోది? "2 అయి తీరాలి. లేకపోతే బ్రాకెట్లు విప్పే రూలే చెడిపోతుంది." ఈ చివరి వాక్యం ఆమెదే. నేను చెప్పలేదు, అందుకే అది అప్పజెప్పింది కాదని నాకు నమ్మకం. ఆ రోజు గంటన్నరలో చేసింది ఈ ఒక్క లెక్కే.

పదో తరగతి కుర్రాడి కథ వేరు. వర్గసమీకరణం ఇస్తే సూత్రం గడగడా రాసేస్తాడు, మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ అంటూ. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్స్ 9 ఇచ్చాను. 9ని ఇటు తెచ్చి, ఎ 1, బి 0, సి −9 అని రాసుకుని, సూత్రంలో వేసి అర పేజీ చేసి 3, −3 తెచ్చాడు. చీమను చంపడానికి రోకలి. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ మాత్రం పరీక్షల వేడిలో ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అయిపోతుంది.

వాడికి సూత్రం మాటే ఎత్తకుండా తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే గణిత పండితుడు చేసిన లెక్క ఇచ్చాను. ఒక చతురస్రం వైశాల్యానికి దాని భుజానికి పది రెట్లు కలిపితే 39. భుజమెంత? గళ్ల కాగితం, కత్తెర చేతికిచ్చాను. మొదటి రోజు చతురస్రం పక్కన వెడల్పు 10 ఉన్న దీర్ఘచతురస్రం అతికించి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "ఇది చతురస్రం కాదు" అన్నాడు విసుగ్గా. "చతురస్రం అయితే బాగుండునా?" అని ఊరుకున్నాను. మర్నాడు వచ్చేసరికి ఆ పదిని మధ్యకు కత్తిరించి అయిదూ అయిదూ చేసి, ఒకటి పక్కన, ఒకటి కింద అతికించుకొచ్చాడు. మూల ఖాళీ. అయిదయిదుల పాతిక. 39కి 25 కలిపితే 64. పెద్ద చతురస్రం భుజం 8. అందులో అయిదు పోతే 3.

కాసేపటికి "మరి −13 ఏది? సూత్రంలో వేస్తే అదీ వస్తోంది" అన్నాడు. వాడి కాగితం మీద పొడవులే ఉన్నాయి, ఋణ పొడవును కత్తెర కత్తిరించలేదు. ఆ పాత పండితుడూ దాన్ని జవాబుగా లెక్కలోకి తీసుకోలేదని చెప్పాను. తనకు దొరికింది ఆయన వదిలేశాడని వాడికి కాస్త గర్వం వేసింది.

పదికి బదులు బి, 39కి బదులు ఇంకో అక్షరం పెట్టి ఇదంతా మళ్లీ చెయ్యమన్నాను. ఇంకో రెండు రోజులు. చివర్లో వర్గమూలం కింద పడ్డ ముక్కలు చూసి ఆగిపోయాడు. మొహంలో నేననుకున్న ఆనందం లేదు, కోపం ఉంది. "ఇదేనా ఆ సూత్రం? ఇంతేనా? మరి ఎవరూ చెప్పలేదేం?" పరీక్షలో వాడు మళ్లీ సూత్రమే వాడాడు. వాడాలి కూడా. ప్రతిసారీ కాగితం కత్తిరిస్తూ కూర్చుంటే మూడు గంటలు చాలవు.

ఇక ఖర్చు సంగతి. ఈ పద్ధతిలో చాప్టర్లు కదలవు. మూడో నెలలో ఎనిమిదో తరగతి పిల్లకు స్కూలు పరీక్షలో 25కి 14 వచ్చాయి. అంతకుముందు 19. వాళ్లమ్మ ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టం. "మీరు బాగా చెబుతారనే పంపించామండీ. పిల్లకి అక్కడ టైం సరిపోవడం లేదంట. ప్రతి లెక్కా ఎందుకు ఎందుకని ఆలోచిస్తూ కూర్చుంటోందంట." నా దగ్గర జవాబు లేదు. అర్థమవడం ముఖ్యం అంటూ ఉపన్యాసం ఇవ్వొచ్చు, కానీ ఆ 14 నా పిల్లకు రాలేదుగా.

ఆలోచిస్తే ఆవిడ మాటలో నిజం ఉంది. బట్టీ మీద కోపంతో నేను అభ్యాసాన్ని కూడా గెంటేశాను. ఆరో తరగతి కుర్రాడికి ఏడెనిమిదులు ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే తప్ప రాదు. క.సా.గు. గురించి నేనేదో లోతుగా మాట్లాడుతుంటే వాడి బుర్రంతా ఆ ఏడెనిమిదుల దగ్గరే ఖర్చయిపోయేది. ఎక్కాలు నోటికి రావాలి. ఈ మాట అనడానికి ఇప్పుడు నాకు మొహమాటం లేదు. ఏడెనిమిదులు యాభై ఆరు ఎందుకయిందో ఒకసారి గళ్లలో చూసి, ఆపైన నిద్రలో లేపి అడిగినా చెప్పేలా పట్టాలి. నిర్వచనాలూ అంతే. లవం పైన, హారం కింద అన్నదాన్ని ఎవరూ ఆలోచించి కనిపెట్టలేరు, అది పేరు, పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిందే. ఒకటి ప్రధాన సంఖ్య కాదన్నది మాత్రం కాస్త మధ్యలో ఉంటుంది. అది మనుషులు చేసుకున్న ఏర్పాటే. కానీ ఒకటిని కూడా చేర్చుకుంటే 6ని 2 × 3 అనీ, 1 × 2 × 3 అనీ, 1 × 1 × 2 × 3 అనీ ఎన్ని రకాలుగానైనా రాయొచ్చు, ప్రధాన కారణాంకాలు ఒకే ఒక్క విధంగా వస్తాయన్న మాట చెడుతుంది. ఇలాంటివి పిల్లలు భలే వాదిస్తారు.

దాంతో గంటను విడగొట్టాను. మొదటి ఇరవై నిమిషాలు పాత చాప్టర్ల నుంచి కలగాపులగంగా లెక్కలు, గడియారం పెట్టి. కలగాపులగం ఎందుకంటే, భాగహారం చాప్టర్లో ఇరవై లెక్కలు వరసగా ఇస్తే పిల్లలు ప్రశ్న చదవరు, భాగించేస్తారు. ఏ పద్ధతి వాడాలో తేల్చుకోవడమే సగం లెక్క, ఆ సగాన్ని చాప్టరు పేరే చేసిపెడుతోంది. మిగిలిన నలభై నిమిషాలు ఒకటో రెండో లెక్కలు, తీరిగ్గా. కొన్ని రోజులు నేనే తప్పుగా చేసి ఇచ్చి, ఎక్కడ తప్పిందో పట్టుకోమనేదాన్ని. నా తప్పు పట్టుకోవడంలో వాళ్లకున్న ఉత్సాహం నేను చెప్పే ఏ పాఠానికీ ఉండదు.

అందరికీ పనిచేసిందా అంటే, లేదు. ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి పరీక్షలకు వారం ముందు వచ్చి, "అక్కా, ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి, మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. చెప్పాను. పాసయ్యాడు. తర్వాత రాలేదు.

ఆ ఎనిమిదో తరగతి పిల్లకి ఏడాది చివర్లో 21 వచ్చాయి. వాళ్లమ్మ స్థిమితపడ్డారు. సెలవులకు ముందు చివరి రోజు ఇరవై నిమిషాల లెక్కలు చేస్తూ చేస్తూ, భిన్నాల భాగహారం దగ్గర ఆగి నోటుబుక్కు చివరి పేజీ తెరిచింది. ఎప్పటినుంచో రాసి పెట్టుకున్నట్టుంది, ఒకదాని కింద ఒకటి ఏడెనిమిది లెక్కలు.

"అక్కా, మొదటిది తిప్పితే తప్పవుతుందన్నారు గుర్తుందా? ఉత్త తప్పు కాదు. చూడండి. ముప్పావులో అరపావులు ఆరు. మొదటిదాన్ని తిప్పి గుణిస్తే 4/3 ఇంటూ 1/8, ఆరో వంతు వస్తోంది. అన్నిటికీ అంతే, జవాబు తలకిందులవుతోంది. అంటే అరపావులో ముప్పావులెన్ని అని అడిగినట్టు. లెక్క తప్పు కాదు, వేరే ప్రశ్నకి జవాబు."

నేను ఆ పేజీ రెండుసార్లు చూశాను. ఏడాదిగా ఆ సంగతి నాకు తట్టలేదు.

"మరి రెండూ తిప్పితే?" అంది.

అది నేను మనసులోనే చేసేశాను, తేలికే. టేబుల్ కింద మొదటి వేలు ముడిచాను.